కొత్త 4 టీబీ డిస్క్ 2048 జీబీ దగ్గరే ఆగిపోతే

మీ డిస్క్ బాగానే ఉంది, వాపసు ఇవ్వడానికి షాపుకు పోకండి. కొత్త 4 టీబీ హార్డ్ డిస్క్‌లో 2048 జీబీకి ఒక పార్టిషన్ (డిస్క్‌లో విడిగా వాడుకునే భాగం) వచ్చిందని, మిగతా 1678 జీబీ నల్లగీత కింద 'అన్‌అలొకేటెడ్' అని ఉండిపోయిందని, దాని మీద రైట్ క్లిక్ కొడితే 'న్యూ సింపుల్ వాల్యూమ్' మసకగా ఉండి నొక్కనివ్వట్లేదని రాశారు. మొదటిసారి తగిలించినప్పుడు ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని విండోస్ అడిగి ఉంటుంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పద్ధతులివి, ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. మీరు ఎంబీఆర్ మీద ఓకే కొట్టేశారు. అంతే జరిగింది.

ముందు ఆ రెండు అంకెలూ కూడండి: 3726. మరి 4000 ఏదీ అంటే, డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కకట్టి డబ్బా మీద 4 టీబీ అని వేస్తారు, విండోస్ 1024తో లెక్కకట్టి చూపిస్తుంది. మా దేవరకొండలో ఎకరమంటే 40 గుంటలు, వాడపల్లి బ్రిడ్జి దాటి కృష్ణ అవతలికి పోతే 100 సెంట్లు. చెలక అదే, కొలిచే లెక్క వేరు. కాబట్టి 3726 కనిపిస్తే మీ సొమ్ము మీకు పూర్తిగా ముట్టినట్టే.

ఇక 2048 సంగతి. డిస్క్‌ను 512 బైట్ల సెక్టార్లుగా లెక్కపెడతారు. ఎంబీఆర్ పద్ధతిలో సెక్టార్ నంబరు రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. ఆ చోటులో పట్టే నంబర్లన్నీ అయిపోయేసరికి 2048 జీబీ అవుతుంది. ఆ తర్వాతి జాగా విండోస్‌కు కనబడుతుంది గానీ, దానికి ఇంటి నంబరు వేయడం దాని చేతిలో లేదు.

నాకు ఈ 1678 అంకె ఇంకో రూపంలో తగిలింది, అది కూడా చెప్తా. నాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో వీడియోలకు జాగా చాలక, పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాద్ పోయి 4 టీబీ డిస్క్ తెచ్చుకున్నా. ఇంటికొచ్చి పాత యూఎస్‌బీ డాక్‌లో (డిస్క్‌ను బయటి నుంచే కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పెడితే మొత్తం డిస్కే 1678 జీబీ అని చూపించింది. మీకులాగా 2048 పక్కన మిగిలింది కాదు, ఉన్నదే అంత. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ బస్సు. "అన్నా, సగం డిస్కే ఇచ్చినవ్" అని కౌంటర్ దగ్గర గట్టిగానే అన్నా. ఆయన ఏం మాట్లాడకుండా తన కంప్యూటర్ డబ్బా తెరిచి, డిస్క్‌ను సాటా కేబుల్‌కు తగిలించి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. 3726.02 జీబీ. "ఇంటికాడ దేనికి తగిలించినవ్?" అని ఒక్క మాట అడిగాడు. డాక్ అని చెప్పేసరికి నవ్వాడు. పోనురాను బస్సు చార్జీలు, ఒక రోజు పని నష్టం.

మా డాక్ కూడా 32 బిట్లలోనే లెక్కపెట్టే రకం. పాత స్కూటర్ మీటరు 99999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది చూడండి, అలా అది 2048 దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి 1678 దగ్గర ఆగింది. అంటే అంకె ఒకటే, రోగాలు రెండు. పార్టిషన్ పక్కన మిగులుగా 1678 ఉంటే ఎంబీఆర్, మొత్తం సైజే 1678 ఉంటే డాక్ మీద అనుమానపడండి. 3 టీబీ డిస్క్ అయితే ఇదే చోట 746 కనిపిస్తుంది. అలాంటి డాక్‌లో పెట్టి ఫార్మాట్ మాత్రం చేయకండి.

మీ విషయానికొస్తే, ఆ 2048లో ఇప్పటికే ఫైళ్లు వేశానన్నారు కాబట్టి ముందు వాటిని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు తెరిచి చూసుకోండి. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌ను డిలీట్ చేయండి. అది ఉన్నంతసేపు మార్చనివ్వదు. ఎడమ పక్కన 'డిస్క్ 1' అని ఉన్న బూడిదరంగు గడి మీద రైట్ క్లిక్ కొడితే 'కన్వర్ట్ టు జీపీటీ డిస్క్' వస్తుంది. అది నొక్కాక 3726 మొత్తం ఒకే ముక్కగా కనబడుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకోండి. మదర్‌బోర్డు పాతదని భయపడక్కర్లేదు. విండోస్ బూట్ అయ్యేది ఆ డిస్క్ నుంచి కాదు, ఫైళ్లు దాచుకోవడానికే కాబట్టి జీపీటీ నడుస్తుంది. 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ మిషన్ ఉంటే మాత్రం దానికి ఈ డిస్క్ చదవడం రాదు.

చాలామంది డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో 'క్లీన్' (సెలెక్ట్ చేసిన డిస్క్‌ను మొత్తం ఖాళీ చేసే కమాండ్) కొట్టమంటారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ మా బావమరిది అలాగే కూర్చుని డిస్క్ 1కి బదులు డిస్క్ 2 సెలెక్ట్ చేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టాక నేను చూశా. అందులో డెలివరీ ఇవ్వని రెండు పెళ్లిళ్లు ఉన్నాయి. ఆ దారిలోనే పోతానంటే 'లిస్ట్ డిస్క్' కొట్టి సైజు చూడండి, కుదిరితే మిగతా డిస్కుల కేబుళ్లు పీకేసి కూర్చోండి.

ఆ డాక్ ఇంకా నా దగ్గరే ఉంది, 1 టీబీ పాత డిస్కులకు బాగానే పనిచేస్తుంది. దాని మీద మార్కర్‌తో '2 టీబీ దాటితే పెట్టొద్దు' అని రాసిపెట్టా.