కాఫీ సంగతి సరే, ఆ మాత్రలేమిటి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తాడిపత్రిలో ఎరువుల దుకాణంలో లెక్కలు చూస్తాను. రోజుకు ఆరేడు కాఫీలు తాగుతాను. కాఫీ తాగేవాళ్లకు మతిమరుపు రాదని చదివాను, నిజమేనా? ఏడాదిగా వారంలో నాలుగైదు రోజులు తలనొప్పి. మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని కాఫీతో వేసుకుంటే తగ్గిపోతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు కాఫీ గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది మీ చివరి వాక్యం. వారానికి నాలుగైదు రోజులంటే నెలకు పదహారు నుంచి ఇరవై. రెండు మూడు మందులు కలిసిన నొప్పి మాత్ర నెలలో 10 రోజులు, ఆపైన, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. స్ట్రిప్ వెనక సన్నక్షరాల్లో చూడండి. చాలా తలనొప్పి మాత్రల్లో కాఫీలో ఉండే కెఫీన్ కూడా ఉంటుంది. పేరు కనబడకుండా రెండు మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తే తీసుకోకండి. బీపీ, కిడ్నీల సంగతి తెలియకుండా ఇన్నాళ్లు మింగడం తప్పు. ఈ వారమే డాక్టరును కలవండి, ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. మాత్ర మానిన మొదటి వారం పది రోజులు నొప్పి పెరగవచ్చు. అందుకే సొంతంగా కాకుండా డాక్టరు చెప్పినట్టు మానండి.

ఇక కాఫీ. అలసట తెలిపే అడినోసిన్ అనే రసాయనాన్ని కెఫీన్ మెదడులో అడ్డుకుంటుంది, అందుకే చురుకు. మితంగా తాగేవారిలో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), మతిమరుపు జబ్బులు కొంత తక్కువని పరిశీలనల్లో కనిపించింది. అది కాఫీ వల్లేనని తేలలేదు, కాబట్టి మందులా పెంచకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మి.లీ. ఫిల్టర్ కాఫీలో 80–120, ఇన్‌స్టంట్‌లో 50–65 ఉంటుంది. టీ కొట్టు చిన్న కప్పయితే ఇంకా తక్కువే. మీ కప్పు ఎంత పడుతుందో కొలుచుకోండి, మాత్రల్లోనిదీ కలపండి.

కాఫీ ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. దానికే మళ్లీ మాత్ర వేసుకుంటారు. మూడు నాలుగు రోజులకొక కప్పు చొప్పున తగ్గించండి, ముందు సాయంత్రం నాలుగు తర్వాతవి. అనంతపురం ఎండల్లో నీళ్లు చాలకపోయినా తల నొస్తుంది. దాహానికి కాఫీ కాదు, నీళ్లు, మజ్జిగ తాగండి.

క్షణాల్లో భరించలేనంతగా తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, చూపు మసకబారినా, తెల్లవారుజామున వాంతులతో నొప్పి లేపినా కాఫీ, మాత్ర అంటూ ఆలస్యం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.