కార్బొరేటర్ మీద చెయ్యి వేసే ముందు ప్లగ్ విప్పి చూడు

ఒరేయ్ అబ్బాయ్,

నిన్న ఫోన్లో "పొద్దున్నే బండి స్టార్టవ్వట్లేదు, కొత్త కార్బొరేటర్ వేయించమంటున్నారు పెదనాన్నా" అన్నావు చూడు, అప్పటి నుంచీ నాకు నవ్వాగట్లేదు. గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కి పంపేదే కార్బొరేటర్. నీది 2008 స్ప్లెండర్. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక తయారైన ఇంజెక్షన్ బళ్లలాగా చలికీ ఎండకీ పెట్రోల్ లెక్క అది చూసుకోదు, మనమే చూసుకోవాలి, చోక్ ఉన్నది అందుకే. చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, చోక్ వేస్తే గాలి దారి మూసుకుని పెట్రోల్ వంతు పెరుగుతుంది, అంతకు మించి అందులో ఏ మాయా లేదు.

రాత్రంతా ఆగిన బండికే చోక్. వేడి మీదున్న బండికి వేస్తే ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైపోతుంది. పొద్దున్నే పెట్రోల్ ట్యాప్ ఆన్ చేసి, చోక్ పూర్తిగా వేసి, తాళం తిప్పకుండానే రెండు మెల్లటి కిక్కులు ఇచ్చి, ఆ తర్వాత తాళం ఆన్ చేసి ఒక్క గట్టి కిక్కు కొట్టు, రేస్ మాత్రం ఇవ్వకు. స్టార్టయ్యాక ఒక నిమిషం లోపే శబ్దం నిలకడ పడుతుంది, వెంటనే చోక్ తీసెయ్. పొగ నల్లగా వస్తోందన్నావు కదా, ఆఫీసు దాకా చోక్ మీదే పోతున్నావేమోనని నా అనుమానం. అది కాకపోతే ఎయిర్ ఫిల్టర్ మట్టి పట్టి ఉంటుంది.

అయినా స్టార్టవ్వలేదనుకో, ఇరవై కిక్కులు కొట్టి కాలు నొప్పి తెచ్చుకోకు. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ విప్పు. తడిసి పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తున్నట్టే, అయితే ఎక్కువైంది, లేదంటే స్పార్క్ లేదు. ప్లగ్ తుడిచి బిగించి, ట్యాప్ ఆపి, చోక్ తీసి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టు, లోపలి పెట్రోల్ ఆరిపోయి అందుకుంటుంది. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు మొరాయిస్తే ముందు ప్లగ్ క్యాప్‌లో నీళ్లు తుడువు.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలే అందట్లేదు. కార్బొరేటర్ అడుగున గిన్నెకి చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, కింద గాజు సీసా పెట్టి వదులు చెయ్. ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో ఎవడూ బీడీ వెలిగించకూడదు. చుక్క రాకపోతే ట్యాప్ దగ్గరో పైపులోనో అడ్డం పడింది. వచ్చిందనుకో, సీసాని ఓ నిమిషం కదపకుండా ఉంచి వెలుతురులో చూడు: అడుగున గుండ్రటి పూసల్లాగా కదిలేవి నీళ్లు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది, కాబట్టి బండిని నెలల తరబడి మూల పడేస్తే ఇంకా అనుమానించాలి.

చోక్ మీద బాగానే ఆడి, తీయగానే ఆగిపోతుంటే అప్పుడు మాత్రం కార్బొరేటర్ వైపు చూడు. తొంభై పాళ్లు స్లో జెట్, అంటే రేస్ ఇవ్వనప్పుడు పెట్రోల్ వదిలే సన్నటి కన్నం ఉన్న ఇత్తడి ముక్క, మూసుకుపోయి ఉంటుంది, లేకపోతే ఇంజన్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య జాయింట్‌లో గాలి లీకవుతోంది. జెట్ విప్పి కన్ను దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూస్తే సూదిమొనంత వెలుగు కనిపించాలి. కనిపించకపోతే కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించు, పంక్చర్ షాపు గాలి చాలు. పిన్ను పెట్టి మాత్రం పొడవకు. నేను కుర్రతనంలో మీ పెద్దమ్మ పిన్నీసు తీసుకుని ఆ ఘనకార్యం చేశా, ఇత్తడి మెత్తన కదా, కన్నం కాస్తా పెద్దదైంది, బండి తాగిన పెట్రోల్‌కి జీతం చాల్లేదు, ఆ పిన్నీసు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది మీ పెద్దమ్మ.

ఇంకోటి, నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగిపోయి, కాసేపయ్యాక మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంక్ మూత తెరువు. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలో గాలి కన్నం మూసుకుపోయిందన్నమాట. పైసా ఖర్చు లేని పని.

రాత్రి పార్కు చేసేటప్పుడు ట్యాప్ ఆపడం అలవాటు చేసుకో. కార్బొరేటర్‌కి గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూని నేను ఆదివారం వచ్చేదాకా తిప్పకు, ఇప్పటికే తిప్పేసి ఉంటే ఎన్ని చుట్లు తిప్పావో దాచకుండా చెప్పు. ప్లగ్ స్పానర్ నేనే తెస్తా.

మీ పెదనాన్న