ఏడాదిన్నర బాబుకు చెక్క నిచ్చెన: ఎత్తు కన్నా ముందు సందు కొలవండి

ప్రశ్న: మా బాబుకు 17 నెలలు. నడక వచ్చినప్పటి నుంచీ సోఫా, టీవీ స్టాండ్, డైనింగ్ కుర్చీ ఏదీ వదలడం లేదు. త్రికోణంలా నిలబడే చెక్క నిచ్చెన, దానికి తగిలించే జారుడుబల్ల ఆన్‌లైన్‌లో చూశాను. అలాంటిదే మా కార్పెంటర్ సగం ధరకు చేసిస్తానంటున్నాడు. మా హాల్లో అంతా టైల్సే. పడితే తల పగులుతుందని మా అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: మీ అత్తగారి భయం సబబైనదే. కాకపోతే ఆ భయం నిచ్చెన కన్నా మీ టీవీ స్టాండుకు ఎక్కువ వర్తిస్తుంది. పిల్లాడు సొరుగు లాగి దాని మీద కాలు వేస్తే స్టాండు, టీవీ రెండూ మీద పడతాయి. అందుకే ఏది కొన్నా, కొనకపోయినా ముందు ఆ రెంటినీ గోడకు బిగించండి. ఇక ఎక్కడం అంటారా, ఈ వయసులో అది అల్లరి కాదు, ఎదుగుదలలో భాగం. 1 నుంచి 2 ఏళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫ్లాట్‌లో ఉండే పిల్లాడికి అంత ఆట దొరకాలంటే ఎక్కడానికి తనదంటూ ఒకటి ఉండటం మంచిదే.

మీరు చూసిన త్రికోణాన్ని పిక్లర్ ట్రయాంగిల్ అంటారు. హంగేరీకి చెందిన పిల్లల డాక్టర్ ఎమ్మీ పిక్లర్ పేరు మీద వచ్చింది. పిల్లాడు తనంతట తాను ఎక్కగలిగినంతే ఎక్కనివ్వాలి, పెద్దలు ఎక్కించకూడదు అన్నది ఆమె పద్ధతి. ఆ ఒక్క మాట పాటిస్తే సగం దెబ్బలు తప్పుతాయి. సొంతంగా నాలుగో కర్ర దాకా వెళ్లినవాడికి కాలు ఎక్కడ పెట్టి వచ్చాడో తెలుసు. మీరు ఎత్తి పైన కూర్చోబెట్టినవాడికి దిగే దారి తెలియదు.

కార్పెంటర్ చేత చేయించడంలో తప్పు లేదు. అయితే చాలామంది ఎత్తు గురించి అడుగుతారు, సందు గురించి అడగరు. అసలు ప్రమాదం అక్కడే. ఈ వయసు పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. కాళ్లు, నడుము, ఛాతీ దూరిపోయిన సందులో తల దూరదు. ఒళ్లు కిందికి జారి మెడ మీద వేలాడితే అరవడానికి కూడా ఊపిరి అందదు. అందుకే కర్రకూ కర్రకూ మధ్య ఖాళీ 9 సెంటీమీటర్ల లోపు ఉండాలి, లేదంటే 23 సెంటీమీటర్లు దాటాలి. ఈ రెంటి మధ్య కొలత ఏదీ పనికిరాదు. 2.8 సెంటీమీటర్ల గుండ్రటి కర్రలను, ఒకదాని నడిమధ్య నుంచి ఇంకోదాని నడిమధ్యకు 11 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే ఖాళీ 8.2 వస్తుంది. ఈ లెక్క కాగితం మీద గీసి కార్పెంటర్ చేతికివ్వండి. నిచ్చెన వచ్చాక 9 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు ఉన్న చెక్కముక్కతో ప్రతి సందునూ పరీక్షించండి. ఆ ముక్క ఎక్కడ దూరితే అక్కడ చిక్కుంది, ఆ సందు 23 సెంటీమీటర్లు దాటితే తప్ప. జారుడుబల్ల కొక్కెం తగిలే చోటును మరిచిపోవద్దు. అక్కడి సందు మనం బల్లను జరిపినప్పుడల్లా మారుతుంది.

ఎత్తు 60 నుంచి 75 సెంటీమీటర్లు చాలు. రెండేళ్లలోపు పిల్లలు 90 సెంటీమీటర్లకు మించిన ఎత్తు నుంచి తల మీద పడితే డాక్టర్లు దాన్ని తీవ్రమైన పాటుగా లెక్కిస్తారు. కర్ర చేతిలో తిరగకూడదు. జిగురు ఒక్కటే సరిపోదు, పక్కపట్టీలోంచి చిన్న మేకో స్క్రూయో పడాలి. మడతపెట్టే రకమైతే బందుల దగ్గర సందు 5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉండాలి, లేదా 12 కన్నా ఎక్కువ. మధ్యలో ఉంటే వేలు నలుగుతుంది. రంగు వేయిస్తే 2016 నాటి నిబంధనల ప్రకారం సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించని డబ్బా చూసి తెచ్చుకోండి. షెడ్డులో మిగిలిపోయిన పాత పెయింటు వద్దు. ఈ వయసువాడు కర్రను పట్టుకోవడంతో ఆగడు, కొరుకుతాడు. షాపులో కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

టైల్స్ సంగతి. అంకెలు, అక్షరాలతో అతుక్కునే పలచటి ఫోమ్ మ్యాట్ మోకాళ్లకు పనికొస్తుంది, తలకు కాదు. 5 సెంటీమీటర్ల గట్టి జిమ్ మ్యాట్ తెచ్చి నిచ్చెన కిందా చుట్టూ పరవండి. పాత పరుపు వేస్తే పాదం దిగబడి మడమ మెలికపడుతుంది, నిచ్చెన కూడా ఊగుతుంది. నిచ్చెన కాళ్లు నేల మీదే ఆనాలి, వాటికి రబ్బరు తొడుగులుండాలి. అన్ని వైపులా ఆరడుగుల ఖాళీ కావాలి. బాల్కనీ గ్రిల్లు, కిటికీ, టీపాయ్ దగ్గర్లో ఉండకూడదు. ఆట అయ్యాక మడిచి లోపల పెట్టేయండి, ఎవరూ చూడనప్పుడు ఎక్కడానికి వీల్లేకుండా.

ఎక్కే ముందు మెడలో తాయెత్తు, దిష్టి తాడు, గొలుసు తీసేయాలి. టోపీకి నాడాలున్న చొక్కా కూడా వద్దు. తాడు కర్రకు తగులుకుంటే తెగదు, మెడకు బిగుస్తుంది. వదులుగా వేలాడే మొలతాడూ అంతే. పట్టీలు కాలిపట్టును అడ్డగిస్తాయి. సాక్సులు వద్దు, ఒట్టి కాళ్లే మేలు. నోట్లో బిస్కెట్, పల్లీలు పెట్టుకుని ఎక్కనివ్వకండి.

పెద్దవాళ్లు చేసే రెండు పొరపాట్లకు మాత్రం నిజంగా ఎముకలు విరుగుతాయి, కీళ్లు జారతాయి. ఒకటి, ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం. పిల్లాడి పాదం బల్ల అంచుకు తగిలి ఆగుతుంది, మీ ఇద్దరి బరువూ కిందికి పోతుంది, మోకాలి కింది ఎముక మెలితిరిగి విరుగుతుంది. రెండోది, జారుతున్నవాడిని ఒక చెయ్యి పట్టి పైకి లాగడం. మోచేతి కీలు తప్పుతుంది, పిల్లాడు ఆ చెయ్యి ఎత్తకుండా వేలాడేసుకుంటాడు. పట్టుకోవాలంటే చంకల కిందుగా ఛాతీని పట్టుకోండి. దిగేటప్పుడు కాళ్లు ముందు, పొట్ట చెక్కకు ఆనించి దిగడం నేర్పండి. ముందు సోఫా మీదే సాధన చేయించొచ్చు.

మన హైదరాబాద్ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండి కర్రలు వదులవుతాయి. వానల్లో ఉబ్బి బందులు బిగుసుకుంటాయి. వారానికోసారి పాత నూలు బనీను పట్టుకుని ప్రతి కర్ర మీదా నిమరండి. దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ పేడు లేచినట్టు. 120 నంబరు శాండ్‌పేపర్‌తో, ఆపైన 220తో రుద్దండి.

పడితే? వెంటనే ఏడ్చి, కాసేపట్లో సర్దుకుని ఆడుతుంటే, నుదుటి మీద బొడిపె ఒక్కటే ఉంటే, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు అద్ది, 24 గంటలు గమనిస్తే చాలు. బొడిపెను రుద్దకండి, తెగిన చోట కాఫీ పొడి, పసుపు నింపకండి. చెవి పైనో తల వెనకో మెత్తటి వాపు వచ్చినా, కొద్ది సెకన్లైనా స్పృహ తప్పినా, రెండోసారి వాంతి అయినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు చెవుల్లోంచి నీరు కారినా, మత్తుగా ఉన్నా, మీకు “వీడు మామూలుగా లేడు” అనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. కాలు కింద పెట్టనంటే ఆ రోజే చూపించండి. ఈ వయసులో సన్నటి చీలిక మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగున్నా కుంటుతుంటే వారం పది రోజుల్లో మళ్లీ తీయించాలి.

- పిల్లల వైద్య నిపుణులు, హైదరాబాద్