ఊరి పక్కన వెంచర్, పంచాయతీ విలీనం: పన్ను సంగతి తర్వాత, ముందు ఒర్రె ఎటు పోతుందో అడగండి

మీరు అడిగింది ఇదీ: ఇబ్రహీంపట్నం వైపు మీ ఊరికి ఆనుకుని 70 ఎకరాల్లో వెంచర్ వేస్తున్నారు. పంచాయతీని పక్క మున్సిపాలిటీలో కలిపేస్తారని కూడా అంటున్నారు. ఇంటి పన్ను మూడింతలు అవుతుందని ఊరంతా గోల. దీన్ని ఆపగలమా, ఆపలేకపోతే ఏం చెయ్యాలి?

నేను వకీలును కాదు. మా ఊరు కూడా రంగారెడ్డి జిల్లాలోనే, ఔటర్ రింగు రోడ్డుకు బయట ఉంది. 2017లో ఊరికి పడమట 45 ఎకరాల్లో వెంచర్ పడింది. 2018 ఆగస్టులో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, అప్పుడే మా పంచాయతీ మున్సిపాలిటీలో కలిసిపోయింది. ఆ వెంచర్‌కు మేము కూడా ఒక ఎకరం అమ్ముకున్నాం. అందుకని వెంచర్లు వద్దు, పొలాలే ముద్దు అని మీకు చెప్పే మొహం నాకు లేదు.

మీ ఊళ్లో ఇప్పుడు అందరూ పన్ను గురించే మాట్లాడుతున్నారన్నారు. మేమూ అంతే. గ్రామసభ పెట్టిన రోజు రెండు గంటలు పన్ను మీదే కొట్టుకున్నాం. ఒకాయన కుర్చీ ఎత్తాడు కూడా. తీరా చూస్తే, మా ఇంటికి పంచాయతీలో ఏడాదికి 380 రూపాయలు కట్టేవాళ్లం, ఇప్పుడు 1,100 కడుతున్నాం. బాధే, కాదనను. కానీ మమ్మల్ని ముంచింది ఆ 700 కాదు. ఆ రెండు గంటల్లో ఒర్రె (చిన్న వాగు) గురించి ఒక్కడూ నోరెత్తలేదు, అది ముంచింది.

వెంచర్ పడిన భూముల మధ్య నుంచి ఒక ఒర్రె వచ్చేది. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి, తుమ్మచెట్లతో నిండి ఉండేది. కొత్తగా చూసినవాళ్లకు అది ఉత్త గుంతలా కనిపించేది. పైన గుట్టల మీద పడ్డ వాన నీళ్లన్నీ దాంట్లోంచే వచ్చి ఊరి తూర్పున ఉన్న కుంటలో పడేవి. కుంట నిండితే అలుగు పారి కింది ఊరి చెరువుకు పోయేది. మన దగ్గర చెరువులన్నీ ఇలా గొలుసుకట్టుగా ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయని మీకూ తెలుసు. వెంచర్‌వాళ్లు జేసీబీలు పెట్టి, మొరం పోసి ఆ ఒర్రెను చదును చేశారు. దాని మీద 40 అడుగుల రోడ్డు వేసి, అడుగున రెండు సిమెంటు పైపులు పెట్టారు. బాపు (మా నాన్న) ఆ పైపులు చూసి, "ఒర్రె నీళ్లు దీంట్లకెళ్లి పోతయా? బర్రె మూతి గూడ పట్టదు" అన్నాడు. మేం నవ్వుకున్నాం.

2020 అక్టోబరు 13 గుర్తుందా? హైదరాబాద్ చుట్టూ కుండపోత, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడిన రోజు. మా దగ్గర అంత పడలేదు. రాత్రి పదింటికి కరెంటు పోయింది. పదకొండు దాటాక కింది వాడకట్టులోంచి అరుపులు వినపడ్డాయి. రెండు పైపులూ చెత్తతో మూసుకుపోయాయి, నీళ్లు రోడ్డు మీదికి ఎక్కి, ప్రహరీ గోడ వెంట ఊళ్లోకి తిరిగాయి. అమ్మ బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కిస్తుంటే నేను బర్రెల పలుపులు కోసేశాను, ముడి విప్పే టైం లేదు. ఇంట్లో మోకాలి దాకా నీళ్లు. పక్కింటివాళ్ల కోళ్లన్నీ పోయాయి. తెల్లారి కుంట దగ్గరికి వెళ్లి చూస్తే, అంత వాన పడినా సగం కూడా నిండలేదు. అలుగు మీద నుంచి ఒక్క చుక్క పారలేదు. కుంటకు పోవాల్సిన నీళ్లన్నీ మా ఇళ్లలో ఉన్నాయి.

అందుకే చెప్తున్నా, మీరు మొదట చెయ్యాల్సింది గ్రామ నక్ష, అంటే ఊరి భూముల మ్యాపు, సంపాదించడం. జిల్లా సర్వే, భూరికార్డుల ఆఫీసులో దరఖాస్తు పెడితే కాపీ ఇస్తారు. ఒర్రెలు, కుంటలు, పాటు కాలువలు, బండ్ల బాటలు అన్నీ దాంట్లో గీతలుగా ఉంటాయి. వెంచర్ బ్రోచర్‌లో ఉండే రంగుల ప్లాన్‌లో ఇవేవీ ఉండవు. పార్కు, క్లబ్ హౌస్, కొబ్బరి చెట్లు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి, సర్వే నంబర్లు సరిచూసుకుని, ఎక్కడ ఏ గీత మాయమైందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మా బాట కూడా అలాగే పోయింది. పొలాలకు ట్రాక్టర్ పోయే బండ్ల బాట మీద 112, 113 నంబర్ల ప్లాట్లు కడీలు పాతి నిలబడ్డాయి. అవతల పొలం ఉన్న ఆరు కుటుంబాలు ఇప్పటికీ రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నాయి. ఆ ప్లాట్లు కొన్నవాళ్లు ఎక్కడో అమెరికాలో ఉన్నారు, పాపం వాళ్లకీ సంగతి తెలియదు.

రూలు ఏమిటంటే, పది హెక్టార్లకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. పది మీటర్లకు పైగా వెడల్పున్న వాగు, నాలాలకు 9 మీటర్లు, దానికన్నా చిన్నవాటికి 2 మీటర్లు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లోనే ఇది ఉంది. చిన్న ఒర్రె కదా, దానికేం రూలు అని ఎవరైనా అంటే ఆ 2 మీటర్ల మాట గుర్తు చెయ్యండి. నీటి వనరు పక్కన లేఅవుట్ అంటే ఇరిగేషన్ శాఖ ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడుగుతారు. ఆ ఎన్వోసీ కాపీ, దానికి జత చేసిన మ్యాపు సమాచార హక్కు దరఖాస్తుతో తీసుకోండి. మాకు 30 రోజుల్లో రావాల్సింది 70 రోజులకు వచ్చింది. వచ్చాక చూస్తే ఆ మ్యాపులో ఒర్రె నిక్షేపంగా ఉంది! కాగితం మీద వదిలారు, నేల మీద పూడ్చారు. తర్వాత మాకు పనికొచ్చింది ఆ కాగితమే.

ఇక ఆపడం సంగతి. ఆ 70 ఎకరాలు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉన్నాయో చూడండి. 2013లో ఆమోదించిన 2031 ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్, పెరి అర్బన్ (నగరం అంచు) జోన్, రెసిడెన్షియల్ జోన్ అని ఉంటాయి. కన్జర్వేషన్ అంటే వ్యవసాయానికి వదిలింది, అక్కడ మామూలు ఇళ్ల లేఅవుట్ వెయ్యాలంటే ముందు భూ వినియోగం మార్చుకోవాలి. అలా మార్చేటప్పుడు పేపర్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు చెప్పమంటారు, సాధారణంగా 15 రోజులు. ఆ ప్రకటన వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, ఊళ్లో ఎవరికీ కనపడదు. మీ ఊరి పిల్లల్లో ఒకరికి రోజూ పేపర్, వెబ్‌సైటు చూసే పని అప్పజెప్పండి. జోన్ రెసిడెన్షియల్ అని ఉంటే మాత్రం వెంచర్ ఆగదు, ఆపడానికి తిరిగి డబ్బులు తగలేసుకోవద్దు. అప్పుడు కొట్లాడాల్సింది ఒర్రె కోసం, బాట కోసం.

హెచ్‌ఎండీఏ అనుమతి గానీ, డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి గానీ లేకుండా "పంచాయతీ అప్రూవల్" అని అమ్ముతుంటే అది వేరే కథ. సర్పంచ్ సంతకంతో లేఅవుట్ అయిపోదు. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) పెడితే రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయంటే, ఎంతమంది అలాంటి ప్లాట్లు కొన్నారో ఊహించుకోండి. రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు అది లేకుండా అమ్మకూడదు.

మేము చివరికి ఎలా గెలిచామో, సగమే అనుకోండి, అది చెప్తాను. లేఅవుట్‌కు మొదట డ్రాఫ్ట్ అనుమతి ఇస్తారు, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులన్నీ అయ్యాక ఫైనల్ ఇస్తారు. అందాకా 15 శాతం ప్లాట్లు అనుమతి ఇచ్చినవాళ్ల దగ్గర తనఖాలో ఉంటాయి, అమ్ముకోవడానికి లేదు. వరద తర్వాత మేము మున్సిపాలిటీ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగాం. సోమవారం ప్రజావాణిలో నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం. ప్రతిసారీ రసీదు ఇచ్చేవాళ్లు, అంతే. 2021లో ఒక పెద్దమనిషి చెవిలో ఊదాడు: వెంచర్‌వాళ్లు తనఖా విడిపించుకోవడానికి అర్జీ పెట్టారు, ఇప్పుడు అడగండి అని. వెంటనే ఆ ఎన్వోసీ మ్యాపు, వరద ఫొటోలు, నక్ష, 140 మంది సంతకాలు కలిపి "డ్రైనేజీ పని పూర్తి కాలేదు, తనఖా విడుదల చెయ్యొద్దు" అని రాసిచ్చాం. అన్నాళ్లూ ఫోనెత్తని వెంచర్ మనిషి మూడో రోజు మా ఇంటికొచ్చి చాయ్ తాగిపోయాడు. పైపులు తీసేసి, రోడ్డు కింద బాక్స్ కల్వర్టు కట్టారు, ఒర్రెను కుంట దాకా తవ్వారు. బాట మాత్రం రాలేదు. ఆ ప్లాట్లు అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయాయి. అందుకే మీరు ఆలస్యం చెయ్యొద్దనేది.

పార్కుకని వదిలే పది శాతం జాగా స్థానిక సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిందో లేదో కూడా చూసుకోండి. కాకపోతే నాలుగేళ్లకు అక్కడ ఇంకో నాలుగు ప్లాట్లు పుడతాయి.

విలీనం గురించి. దాన్ని ఆపడం మన చేతిలో లేదనే చెప్పాలి. 2024 సెప్టెంబరులో ఔటర్ లోపల, పక్కన ఉన్న 51 పంచాయతీలను ఒక్క ఆర్డినెన్స్‌తో మున్సిపాలిటీల్లో కలిపేశారు. గ్రామసభ తీర్మానం చేసి పంపండి, రికార్డులో ఉంటుంది, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. మాకు ఎక్కువ నష్టం జరిగింది మధ్యలో ఖాళీగా ఉన్న కాలంలో. 2018 ఆగస్టులో సర్పంచ్ దిగిపోయాక 2020 జనవరిలో మున్సిపల్ ఎన్నికలు వచ్చేదాకా మా ఊరికి గెలిచిన మనిషంటూ లేడు. స్పెషల్ ఆఫీసర్‌ను కలవాలంటే 14 కిలోమీటర్లు పోవాలి. ఒర్రె పూడ్చింది సరిగ్గా ఆ ఏడాదిన్నరలోనే. కాబట్టి పంచాయతీ ఉండగానే శ్మశానం, కుంట, బాట, బతుకమ్మ ఆడే జాగా, ఏవేవి ఊరి ఉమ్మడివో సర్వే నంబర్లతో సహా తీర్మానం రాయించి, కార్యదర్శి ముద్రతో కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ఇంకో దెబ్బ ఉపాధి హామీ. అది పల్లెలకే. మా పెద్దమ్మ ఎండాకాలం రెండు నెలలు ఆ కూలీ మీదే మందులు కొనుక్కునేది. విలీనం అయ్యాక ఫీల్డ్ అసిస్టెంట్ రావడం మానేశాడు. ఆమె జాబ్ కార్డు ఇంకా ట్రంకు పెట్టెలో ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టింది. మీ ఊళ్లో కూలీకి పోయేవాళ్ల గురించి ఈ గొడవల్లో ఎవరూ మాట్లాడరు, భూమి ఉన్నవాళ్ల గొంతే వినపడుతుంది. అప్పట్లో ఉన్న రైతుబంధు మాత్రం మాకు ఆగలేదు, పాసుబుక్కులో సాగు భూమిగా ఉన్నన్నాళ్లు వచ్చింది. 2025లో దాని స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఖాళీ జాగా పన్ను కూడా ప్లాట్లకే, దున్నుకునే పొలానికి కాదు. 75 గజాల లోపు జాగాలో పైన ఒక అంతస్తు దాకా కట్టుకుంటే మున్సిపాలిటీ అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. చెత్త బండి రోజూ వస్తుంది. లైట్లు వెలుగుతున్నాయి. మంచి కూడా చెప్పాలి కదా.

భూమి అమ్మే ఆలోచన ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. వ్యవసాయ భూమి అమ్మితే ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదని అందరం అనుకుంటాం. అది పల్లె భూమికే. పదివేలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దులోకి వచ్చిందంటే, అందులో వరి పండుతున్నా సరే, అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టాలి. హద్దు బయట ఉన్నా తప్పదు: ఆ మున్సిపాలిటీ జనాభా లక్ష దాకా ఉంటే 2 కిలోమీటర్లు, పది లక్షల దాకా 6, ఆపైన 8 కిలోమీటర్ల లోపు ఇదే లెక్క. రోడ్డు దూరం కాదు, నేరుగా గీత గీసి కొలిచిన దూరం. మా చిన్నాయన 2019లో ఎకరం పది గుంటలు అమ్మి బిడ్డ పెళ్లి చేశాడు. రెండేళ్లకు నోటీసు వచ్చింది. సాగు చేస్తున్న భూమిని అమ్మి రెండేళ్లలోపు మళ్లీ సాగు భూమి కొంటే మినహాయింపు ఉందని అప్పుడు సీఏ చెప్పాడు. అప్పటికి చేతిలో పైసా లేదు. ఏడాది ముందు, పంచాయతీగా ఉండగా అమ్మి ఉంటే ఆ లెక్క వేరేగా ఉండేదేమో. మా ఊరి నుంచి మున్సిపాలిటీ హద్దుకు ఎంత దూరమో అప్పుడు మేమెవరం కొలిచి చూసుకోలేదు.

ఈ వారంలో నక్షకు దరఖాస్తు పెట్టండి. వాన పడేలోపు ఫోనులో ఒర్రె మొత్తం నడుస్తూ వీడియో తియ్యండి, పై గుట్ట నుంచి కుంట దాకా. ఇప్పుడది ఎంత వెడల్పుందో టేపు పెట్టి కొలిచి, ఆ టేపు కనపడేలా ఫొటోలు తీసుకోండి. మా దగ్గర పాత ఫొటో ఒక్కటే దొరికింది, అదీ మా అక్క పెళ్లి ఊరేగింపు ఒర్రె దాటుతుండగా తీసింది. అర్జీకి అదే జత చేశాం.