పిట్టను చూసింది నేను, పేరు ఆయనది

ప్రశ్న: మాది మియాపూర్. నాకు 47, మావారికి 51. అమ్మాయి చదువుకని బెంగళూరు వెళ్లాక ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. కిందటేడు మృగశిర కార్తె ముందు ఆయన కెమెరా కొని, ఒక ఏడాదంతా ఆదివారాలు ఇద్దరం పిట్టల ఫొటోలకి వెళ్దామన్నారు. 41 ఆదివారాలు వెళ్లాం. వానల్లో శంకర్‌పల్లి వైపు గిజిగాడి గూళ్లు, దసరాకి పాలపిట్ట, చలికాలం అమీన్‌పూర్ చెరువు, మోదుగులు పూసినప్పుడు అనంతగిరి. పిట్టని వెతికి చూపించేది నేను. పేరూ తేదీ నోట్‌బుక్‌లో రాసేదీ నేనే. ఆయన ఫొటో తీసి ఫేస్‌బుక్‌లోనూ అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పెడతారు. పాలపిట్టని కరెంటు తీగ మీద ముందు చూసింది నేనైతే, 'మీ కన్ను సూపర్ సార్' అన్నవాళ్లకి ఆయన థాంక్యూ చెప్పి ఊరుకున్నారు. జనవరిలో నేను స్వెటర్ జిప్పు లాగితే పిట్ట ఎగిరిపోయిందని నలుగురి ముందు అరిచారు. నాలుగింటికి లేవాలి, మోకాళ్ల నొప్పి, పైగా చెరువుల దగ్గర బాత్రూమ్ ఉండదని పది దాకా నీళ్లు ముట్టను. ఇప్పుడు రెండో ఏడాది కూడా వెళ్దాం అంటూ, చిట్టీ డబ్బుతో లక్షా ఇరవై వేల లెన్స్ కొంటానంటున్నారు. రానంటే ఇంట్లో మళ్లీ ఆ మౌనమే వస్తుందని భయం. తిరిగొచ్చేటప్పుడు ఇడ్లీ తింటూ మాట్లాడుకున్నంత మేం గత పదేళ్లలో మాట్లాడుకోలేదు. ఇంత చిన్నదానికి బాధపడటం తప్పా? మా బాల్కనీలో బట్టల తీగకి తేనెపిట్ట గూడు కడుతోంది, దాన్ని ఫ్లాష్ పెట్టి తీస్తానంటున్నారు, అది కూడా వద్దని చెప్పలేకపోతున్నాను.

జవాబు: ముందుగా నీళ్ల సంగతి. మీరు దాన్ని ఎక్కడో మధ్యలో ఇరికించి దాటేశారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. తెల్లవారుజామున నాలుగు నుంచి పది దాకా, అంటే ఆరు గంటలు, నీళ్లు తాగకుండా, వెళ్లాల్సి వచ్చినా ఆపుకుని, అదీ 41 సార్లు. ఎండాకాలంలో కూడానా? ఆ వయసులో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఎంత అవస్థో నాకు తెలుసు. మీ ఆయనకి ఈ విషయం తెలియదని నా అనుమానం. మగవాళ్లు తుమ్మచెట్టు చాటుకి వెళ్లొస్తారు, పక్కనున్న మనిషికి ఆ సౌకర్యం లేదని వాళ్లకి తట్టదు. అలిగితే తెలిసే విషయం కాదు ఇది, నోరు తెరిచి చెప్పాలి. "దారిలో ఆరింటికి ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగుదాం, ఎనిమిదింటికి ఇంకోసారి" అని ప్లాన్‌లోనే పెట్టించండి. బంకుల్లో బాత్రూమ్ ఉంటుంది, పెట్రోల్ పోయించుకోకపోయినా వాడుకోవచ్చు. మోకాళ్లకి మడత స్టూల్ ఒకటి కారు డిక్కీలో పడేయండి. ఈ రెండింటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక బాధపడటం తప్పా అన్నారు. తప్పు కాదు. మా తమ్ముడికి ఈ పిచ్చి పదేళ్లుగా ఉంది, వాడి పుణ్యమా అని నాకూ కాస్త తెలుసు. ఒకసారి హిమాయత్ సాగర్ ఒడ్డున మూడు గంటలు నిలబెట్టి, దూరంగా ఒక నల్ల చుక్కని చూపించి అది గద్దజాతిదక్కా అన్నాడు, నేను సరే అన్నాను. అప్పుడే అర్థమైంది, లెన్స్ ఎంత పొడుగైనా ఎక్కడికి తిప్పాలో చెప్పే కళ్లు కావాలని. రెండు కిలోల కెమెరాకి కన్ను ఆనించినవాడికి ఎదురుగా చిన్న ముక్క తప్ప ఇంకేం కనపడదు. చెట్టంతా, చెరువంతా, తీగంతా చూసేది పక్కనున్న మనిషే. కాబట్టి పాలపిట్ట ఫొటోలో సగం మీది. ఆ కామెంటు మెచ్చుకున్నది అచ్చంగా మీ కన్నునే, కాకపోతే థాంక్యూ వేరేవాళ్లు చెప్పారు. దసరా రోజు పాలపిట్ట కనపడితే మంచి జరుగుతుందంటారు కదా, మీకు మాత్రం మనసు కష్టం మిగిలింది.

ఈ కథ కొత్తదేం కాదు. సలీం అలీ పేరు మీ ఆయనకి తెలిసే ఉంటుంది, 1931-32లో నిజాం కాలం నాటి హైదరాబాద్ రాష్ట్రంలో తిరిగి ఇక్కడి పక్షుల్ని సర్వే చేసినాయన. ఆ తొలి సర్వేల్లో ఆయన వెంట తిరిగి తోడు నిలిచింది భార్య తెహ్మినా. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆవిడ చనిపోతే ఆయన కుప్పకూలిపోయారు. ఆయన పేరు బడిపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ పేరు మీ ఆయన ఫొటోగ్రఫీ స్నేహితుల్లో ఎంతమందికి తెలుసో ఒకసారి అడగమనండి. నేనైతే ఈ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన ఇష్టపడే ప్రపంచంలోంచి వచ్చిన మాట కాబట్టి చెవికెక్కుతుంది.

అడగాల్సింది మాత్రం చిన్నదే, సూటిగా అడగండి. "ఇకనుంచి ఫొటో కింద చూసింది ఫలానా, తీసింది ఫలానా అని రెండు పేర్లూ పెట్టండి. పాలపిట్టకి కూడా ఇప్పుడు మార్చండి." అంతే. నువ్వు నన్ను ఎప్పుడూ పట్టించుకోవు, మీ అమ్మ కూడా అంతే, పెళ్లయినప్పటి నుంచి ఇదే... అని పాత పద్దులన్నీ తీయకండి, తీస్తే ఆయన వాటికి జవాబు వెతుక్కుంటారు, పేరు సంగతి పక్కకి పోతుంది. ఎప్పుడు అడగాలి? తెల్లారుజామున కారులో వద్దు, వెలుగు పోతుందన్న టెన్షన్‌లో ఉంటారు. చెరువు దగ్గర అసలే వద్దు. మీరే రాశారు కదా ఇడ్లీ దగ్గర బాగా మాట్లాడుకుంటామని, అక్కడే, రెండో ప్లేటు వచ్చాక.

అరిచిన సంగతి వేరు. ఒక్కసారే అయితే ఆరోజు ఆయన ఉద్వేగంలో ఉన్నారనుకుందాం, ఉదయం నుంచి కాచుకున్న పిట్ట ఎగిరిపోతే నిజంగానే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా నలుగురి ముందు అన్నారు కాబట్టి ఆ బాధ ఆయనకి తెలియాలి. 'ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది' అని చెప్పండి, సారీ వస్తే తీసుకోండి. అలా కాకుండా ఇంట్లో కూడా అదే గొంతు, అదే పద్ధతి అయితే ఈ ఉత్తరంలో మీరు నాకు సగమే రాశారన్నమాట. అప్పుడు ఎవరైనా కౌన్సెలర్‌ని నేరుగా కలవండి, కుదిరితే ఇద్దరూ.

రానంటే మౌనం వస్తుందన్న భయం గురించి ఒక మాట. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. పిట్టల పేర్లు ఒకటిన్నర లైనులో అయిపోయాయి. ఇడ్లీ దగ్గర మాటల గురించి రాసిన వాక్యంలో మాత్రం మీ గొంతు మారింది. మీరు ఏడాదంతా లేచింది ఆ గంట కోసం. అది దొరకడానికి నాలుగింటికే లేవక్కర్లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా కూడా వెలుగు మెత్తగా ఉంటుంది, కొంగలూ నీటికాకులూ గూళ్లకి మళ్లే వేళ అది, ఫొటోలకి బాగుంటుంది. నెలలో రెండు ఆదివారాలు ఇద్దరూ కలిసి, వాటిలో ఒకటి సాయంత్రం. ఇంకో ఆదివారం ఆయన స్నేహితులతో వెళ్లనీయండి, మీరు ఎనిమిదింటి దాకా పడుకోండి. మిగిలినదానికి ఏ ప్లానూ వద్దు. రోహిణి కార్తెలో అయితే ఇద్దరూ మానేసినా పోయేదేం లేదు, ఏడున్నరకే ఎండ చుర్రుమంటుంది, పిట్టలు కూడా నోళ్లు తెరుచుకుని నీడలో కూర్చుంటాయి.

ఇలా విడివిడిగా వెళ్తే దూరమైపోతామని ఆయన అనొచ్చు, లేదా మీకే అనిపించొచ్చు. గిజిగాళ్లని చూడు, ఎంత బాగా కలిసి కాపురం చేస్తాయో అని ఎవరైనా ఉదాహరణ చెబితే మాత్రం నమ్మకండి. మగపిట్ట సగం గూడు కట్టి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి లోపలంతా చూసి, నచ్చితేనే ఒప్పుకుంటుంది, అప్పుడు మిగతాది పూర్తిచేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆవిడ గుడ్లు పెట్టగానే ఈయన పక్క కొమ్మకి ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆవిడని పిలుస్తాడు. కాపురాలకి ఆ పాఠం మనకొద్దు. గూడు లోపలికెళ్లి చూసి నచ్చకపోతే తిరిగొచ్చేసే ఆడపిట్ట ధైర్యం మాత్రం కాస్త తెచ్చుకోండి.

లెన్స్ విషయానికొద్దాం. చిన్నపిట్టలకి పొడుగు లెన్స్ కావాలి, నిజమే, 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ ఇంచుమించు ఆ ధరకే వస్తుంది, ఆయనేం మోసపోవట్లేదు. కానీ హైదరాబాద్‌లో లెన్సులు రోజువారీ అద్దెకి దొరుకుతాయి. ముందు రెండు వారాంతాలు అద్దెకి తెచ్చి చూడమనండి. మెడ, భుజం ఏమంటాయో తేలిపోతుంది. ఆ బ్యాగు ఎవరు మోస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. చిట్టీ డబ్బు మీ ఇద్దరిదీ అయితే నిర్ణయం కూడా ఇద్దరిదీ, 'కొంటాను' కాదు 'కొందామా' అని అడగాలి. అసలు నాకు ఒళ్లు మండింది ఇంకోదానికి. మీ ఉత్తరంలో కెమెరా ఉంది, లెన్స్ ఉంది, బైనాక్యులర్ అన్న మాట ఎక్కడా లేదు. ఏడాదంతా మీరు వట్టి కళ్లతో వెతికారన్నమాట! పదీ పదిహేను వేలల్లో 8x42 బైనాక్యులర్, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, మంచిది వస్తుంది. లెన్స్ కొనే రోజు వచ్చినా రాకపోయినా, ముందు అది కొనండి, మీ పేరు మీద.

మీ నోట్‌బుక్‌ని కూడా తక్కువగా చూడకండి. ఫొటో అందంగా ఉంటుంది గానీ ఏ పిట్ట ఏ తేదీన కనపడిందన్నది మీ రాతలోనే ఉంది. 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక, 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన మూడు కోట్ల దాకా వివరాల మీద తయారైంది. వాళ్లలో చాలామంది మీలాంటివాళ్లే. ఈబర్డ్ అనే యాప్‌లో మీ పేరుతో ఖాతా తెరిచి పాత తేదీలన్నీ ఎక్కించండి, ఫోన్ పని రాకపోతే అమ్మాయిని వీడియో కాల్‌లో అడగండి, ఆ వంకతో తనతోనూ మాట్లాడొచ్చు. ఒక లిస్టుని ఇద్దరూ పంచుకునే వీలుంది అందులో, మీ ఆయన ఫొటోలు మీ లిస్టుకి జతచేయొచ్చు. ఈసారి ఆయన మీ పేజీకి రావాలి. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపుకైతే ఇంట్లోంచి కదలక్కర్లేదు, బాల్కనీలో పదిహేను నిమిషాలు కూర్చుని కనపడినవి రాస్తే చాలు. బాత్రూమ్ కూడా పక్కనే.

ఇంకోటి, మీ ఇంటి నుంచి అమీన్‌పూర్ చెరువు ఎంత దూరం, ఆటోలో పావుగంట? 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది, చలికాలంలో ఫ్లెమింగోలు దిగే చోటు. ఒక రోజు మీరొక్కరే, లేదా పక్క ఫ్లాట్ ఆవిడని తీసుకుని, పగలు తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్లి చూసి రండి. ఎవరూ కదలొద్దు అనరు, స్వెటర్ జిప్పు ఎన్నిసార్లయినా లాగొచ్చు. వచ్చాక ఏం చూశారో ఆయనకి చెప్పండి. ఆయన 'నన్ను పిలవలేదేం' అంటే, బాగుంది, అక్కడి నుంచి మాటలు మొదలవుతాయి.

తేనెపిట్ట గూడు మాత్రం ఆదివారం దాకా ఆగే విషయం కాదు, ఈ రాత్రికే చెప్పండి. ఫ్లాష్ వద్దు, దగ్గరికి వెళ్లొద్దు, మరీ ఇబ్బంది పెడితే తల్లి గూడు వదిలేసి పోతుంది. కిటికీ లోపలి నుంచి, కర్టెన్ కొంచెం తీసి తీసుకోమనండి, చాలు. గుడ్లు పెట్టాక పిల్లలవ్వడానికి పదిహేను రోజులు పడుతుంది, అవి ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు. అంతవరకూ ఆ తీగ మీద బట్టలు ఆరేయకండి.