మీ బొమ్మ, నా బల్ల: మడిస్తే మారిపోయే రోబో బొమ్మల మరమ్మతు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా నాన్న గడియారాలు బాగుచేసిన బల్ల దగ్గరే ఇరవై రెండేళ్ళుగా నేనూ కూర్చుంటున్నాను. చేతి గడియారాలు తగ్గేకొద్దీ బల్ల మీదికి బొమ్మలు వచ్చాయి. కారో లారీయో అయి ఉండి, మడతలు విప్పితే రోబోగా నిలబడే బొమ్మలంటే నాకు మరీ ఇష్టం. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ వాటి గురించే కాబట్టి పత్రిక వాళ్ళనడిగి ఇంకో పేజీ తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి వాళ్ళ మేనమామ కువైట్ నుంచి రోబో తెచ్చాడు. రోజుకు పదిసార్లు మారుస్తాడు. ఇప్పుడు నిలబెడితే మోకాళ్ళ దగ్గర కూలబడిపోతోంది, భుజాలూ వదులైపోయాయి. కొత్తది కొనడమేనా? — ఒక తల్లి, కావలి

కొనక్కర్లేదమ్మా. ముందు ఏ రకం కీలు వదులైందో చూడండి. వీటిలో ఎక్కువగా మూడు రకాలుంటాయి. గుండ్రటి గుండు ఒకటి గుంటలో కూర్చుని అన్ని వైపులా తిరిగేది ఒకటి. ఇనుప పిన్ను మీద తలుపులా తెరుచుకునేది రెండోది. తిప్పుతుంటే టక్ టక్‌మని పళ్ళు పడేది మూడోది. భుజాలు చాలావరకు మొదటి రకం, బరువు మోసే మోకాళ్ళు, తుంట్లు మూడో రకం అయి ఉంటాయి.

గుండు కీలుకు మీ ఇంట్లోనే మందుంది. చేతిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగితే గుండు బయటికొస్తుంది. పొడిగుడ్డతో జిడ్డు తుడిచి, అగ్గిపుల్ల కొసతో ఫెవికాల్ పల్చగా, దోసె పెనానికి నూనె రాసినంత పల్చగా గుండు చుట్టూ పూయండి. రాత్రంతా ఆరనివ్వండి. తెల్లగా ఉన్నది అద్దంలా మారాకే గుంటలో పెట్టాలి. తడి ఉండగా పెడితే అతుక్కుని కూర్చుంటుంది. బిగువు చాలకపోతే ఇంకో పూత వేయండి, ఎక్కువైతే గోటితో ఒలిచేయండి. సూపర్ గ్లూ పూస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది గానీ, తప్పు చేస్తే వెనక్కి తీసుకోలేరు. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఫెవికాలే చెబుతాను. మన తీరంలో తేమకు కొన్నాళ్ళకు ఆ పూత మెత్తబడొచ్చు. అప్పుడు మళ్ళీ పూసుకోవడమే.

పిన్ను కీలుకు పక్కనే స్క్రూ ఉంటే పావు చుట్టు బిగించి చూడండి. అప్పటికీ వదులుగా ఉంటే విప్పి, రెండు ముక్కల మధ్య పాల ప్యాకెట్ కవరు నుంచి కత్తిరించిన చిన్న బిళ్ళ పెట్టండి.

మోకాలు టక్ టక్‌మనే రకమైతే ఈ పూతలేవీ పనిచేయవు. స్క్రూలు తీసి లోపల స్ప్రింగు పక్కకు జారిందేమో చూడాలి. జారి ఉంటే సర్దుతే చాలు, మోకాలు మళ్ళీ మొండికేసి నిలబడుతుంది. పళ్ళే అరిగిపోతే మాత్రం ఆ భాగం మార్చాలి.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. కుట్టు మిషన్ నూనె, తలుపు బందులకు కొట్టే స్ప్రే దేన్నీ ఈ కీళ్ళకు తగలనివ్వకండి. ఆ రకం నూనెలు కీలును ఇంకా జారుడు చేస్తాయి. అప్పటికే ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్ (ఈ బొమ్మలకు ఎక్కువగా వాడే గట్టి రకం) ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్ళు కూడా తెప్పిస్తాయి. బిగుసుకున్న కీలుకు ఏదైనా వేయాలంటే సిలికాన్ గ్రీజు, అదీ సూదిమొనంత.

ప్రశ్న: 1980ల నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ ఒకటి అమ్మకానికి దొరికింది. ధర బాగా చెబుతున్నారు. ఫొటోలో కొత్తదానిలా ఉంది. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎలా తెలుస్తుంది? — ఒక బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

మీరు ఎద్దులకు పేరుపడ్డ ఊరివాళ్ళు. ఎద్దును కొనేవాడు దాని రంగు చూసి డబ్బు ఇవ్వడు, నడిపించి చూస్తాడు. బొమ్మ కూడా అంతే. ఫొటో కాదు, ఒక్కో కీలును మెల్లగా కదిలిస్తూ తీసిన వీడియో అడగండి.

ముందు పుట్టుక తెలుసుకోవాలి. హాస్‌బ్రో కంపెనీ అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మకం మొదలుపెట్టింది 1984లో. కానీ తొలి బొమ్మల అచ్చులు చాలావరకు జపాన్ కంపెనీ టకారావి. డయాక్లోన్, మైక్రోచేంజ్ అనే పేర్లతో అక్కడ అంతకు ముందే అమ్మినవి. ఎర్ర లారీ ఆప్టిమస్ ప్రైమ్ కూడా డయాక్లోన్‌లో పుట్టినదే. ఆ కాలపు బొమ్మల్లో చాలావాటికి పోత లోహం భాగాలుంటాయి. చేతిలో పెట్టుకుంటే ఆ బరువే ఒక ఆనందం. అయితే ఆ బరువును మోసేది పక్కనున్న ప్లాస్టిక్ కీలు. లోహం నలభై ఏళ్ళ తర్వాతా బాగుంటుంది, అలసిపోయేది కీలు. అందుకే నేను బొమ్మ గట్టితనాన్ని బరువులో చూడను, లోహం ప్లాస్టిక్‌ను కలుసుకునే చోట చూస్తాను.

పాత అచ్చులతో తర్వాతి కాలంలో మళ్ళీ పోసి అమ్మినవి కూడా ఉన్నాయి. టకారా, టోమీ కంపెనీలు 2006లో కలిసి టకారా టోమీ అయ్యాయి. పెట్టె మీద ఆ జంటపేరు ఉంటే అది 1980ల నాటిది కాదు. ఆడుకోవడానికైతే కొత్త ప్లాస్టిక్ కాబట్టి అదే మేలు. పాతదాని ధర మాత్రం దానికి ఇవ్వకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బంగారు రంగు. 1980ల చివర, 1990లలో వచ్చిన కొన్ని బొమ్మల్లో చెమ్కీ లాంటి తళుకు కలిపి పోసిన బంగారు ప్లాస్టిక్ వాడారు. దగ్గరగా చూస్తే అందులో సుడులు సుడులుగా మెరుపు కనిపిస్తుంది. ఇది ఏళ్ళు గడిచేకొద్దీ లోపల్లోపలే పెళుసెక్కుతుంది. ఆడుకున్నదైనా, పెట్టె తెరవనిదైనా ఒకటే. సేకరించేవాళ్ళు దీన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. జపాన్‌లో 1988లో వచ్చిన బ్లాక్ జారక్ అనే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ ఈ జబ్బుకు బాగా పేరుపడింది. నా బల్ల మీదికి వచ్చిన ఒక బొమ్మ భుజాన్ని నేను తిప్పను కూడా లేదు, స్క్రూడ్రైవర్ ఆనించానంతే. అటుకు చిదిమినట్టు మూడు ముక్కలైంది. విరిగిన చోట గింజలు గింజలుగా, తడి ఇసుకలా ఉంది. దానికి ఏ గమ్మూ పట్టదు, అతికిన చోటు పక్కనే మళ్ళీ విరుగుతుంది. పైన వేసిన బంగారు పెయింటుకు ఈ భయం లేదు. ప్లాస్టిక్‌లోనే కలిపి పోసిన సుడుల బంగారం కనిపిస్తే, ముఖ్యంగా కీలు దగ్గర కనిపిస్తే, నేనైతే కొనను. కొని తీరాలనుకుంటే అద్దాల బీరువాలో నిలబెట్టి వదిలేయండి, మార్చకండి.

వీడియోలో ఇంకో రెండు చూడండి. కీలు మూలల్లో తెల్లటి వెంట్రుక గీతలుంటే అక్కడ ప్లాస్టిక్ సాగి అలిసిపోయిందని గుర్తు. మెత్తటి చక్రాలు గానీ, రబ్బరు లాంటి భాగాలు గానీ ఏళ్ళ తరబడి గట్టి ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే, వాటిలోని మెత్తదనం ఇచ్చే నూనె ఊరి పక్క భాగాన్ని కరిగిస్తుంది. మచ్చలా కనిపించేది మురికి కాకపోవచ్చు.

ప్రశ్న: నేను బైక్ మెకానిక్‌ని. రెండు ఒకేరకం బొమ్మలున్నాయి, ఒకదాని చెయ్యి తీసి ఇంకోదానికి పెడదామంటే పిన్ను కదలడం లేదు. సుత్తితో గట్టిగా కొట్టొచ్చా? — ఒక పాఠకుడు, కోవూరు

తమ్ముడూ, సుత్తి కింద పెట్టు. ఈ తప్పు నేను చేశాను.

బొమ్మలు పట్టిన కొత్తలో ఒక పిల్లవాడి ఎర్ర లారీ వచ్చింది. పిన్ను కనబడింది కదా అని దగ్గరున్న వైపు నుంచి కొట్టాను. మూడో దెబ్బకు టిక్‌మని చిన్న శబ్దం వచ్చింది. ఛాతీ ముక్కలో పిన్ను బెజ్జం నుంచి అంచుదాకా పగులు. ఆ అబ్బాయి ఏడవలేదు. బొమ్మ తీసుకుని, ఆ పగులు మీద బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు. ఆ రాత్రి పిన్నును భూతద్దం కింద పెట్టి చూస్తే విషయం అర్థమైంది. పిన్నుకు ఒక కొస నున్నగా ఉంది. రెండో కొసన సన్నటి నిలువు గీతలున్నాయి. ఆ గీతలే ప్లాస్టిక్‌ను కరిచిపట్టుకుని పిన్ను జారకుండా చూస్తాయి. నేను గీతలున్న కొసను కొట్టి, ఆ రంపాన్ని బెజ్జం అంతటా ఈడ్చాను.

స్టీలు గడియారం చైనుకు లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది, పిన్ను అటే తోయాలని. ఇరవై ఏళ్ళవాడినప్పుడు మా నాన్న నాకు మొదట నేర్పింది అదే. బొమ్మకు బాణం ఉండదు. కాబట్టి రెండు కొసలూ భూతద్దంతో చూడు. నున్నటి కొస నుంచి తోస్తే, గీతల కొస ముందుగా బయటికి వస్తుంది. బొమ్మ కింద బెజ్జం ఉన్న చెక్క ముక్క పెట్టుకో. పిన్ను కన్నా ఒక పిసరు సన్నమైన మేకుతో చిన్న చిన్న దెబ్బలు వెయ్యి. తిరిగి పెట్టేటప్పుడు వచ్చిన దారినే, నున్నటి కొస ముందు.

స్క్రూల సంగతి కూడా చెబుతా, బైకుల్లో ఇది నీకు అలవాటు ఉండదు. ప్లాస్టిక్‌లో స్క్రూ తిరిగి బిగించే ముందు ఒకసారి వెనక్కి తిప్పు. చిన్నగా టక్‌మని పాత గాడిలో పడుతుంది. అప్పుడు ముందుకు బిగించు. నేరుగా బిగిస్తే ప్రతిసారీ కొత్త గాడి కోసుకుని నాలుగోసారికి స్క్రూ ఊరికే తిరుగుతుంది.

ప్రశ్న: మాది మైపాడు. లైట్లు వెలిగే రోబో ఆగిపోయింది. బ్యాటరీ గదిలో తెల్లటి పొడి ఉంది, స్క్రూలు తుప్పుపట్టాయి.

బ్యాటరీ కారింది. చేతులకు తొడుగులు వేసుకుని బ్యాటరీలు తీసేయండి. ఆల్కలైన్ బ్యాటరీ అయితే దూదిపుల్లను నిమ్మరసంలో ముంచి రేకుల మీద అద్దండి, పొడి కరుగుతుంది. ఆ తర్వాత తడిగుడ్డ, పొడిగుడ్డ, ఒక రోజు ఆరుదల. రేకు నల్లబడి ఉంటే సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. సముద్రం పక్కనున్న ఇల్లు కాబట్టి ఆడనప్పుడు బ్యాటరీ లోపల ఉంచకండి. బొమ్మను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, తేమ పీల్చే ఆరిన సిలికా పొట్లంతో పెట్టండి.

ప్రశ్న: తెల్లటి రోబో చేతులు పసుపుపచ్చగా మారాయి. సబ్బుతో రుద్దినా పోలేదు. — ఒక టీచరు, పొదిలి

అది మురికి కాదమ్మా, ఎండ. వెలుతురుకు ప్లాస్టిక్ లోపలే రంగు మారింది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆ భాగాలను ముంచి ఎండలో పెడితే తెలుపు తిరిగొస్తుంది. గాజు గిన్నె వాడండి, మూత గట్టిగా బిగించకండి, చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. స్టిక్కర్లు, వెండి మెరుపు పూత, ఇనుప పిన్నులు ఉన్న భాగాలు అందులో వేయకూడదు. గంటకోసారి తిప్పుతూ చూడండి. మన పొదిలి ఎండకు త్వరగా తేలిపోతుంది, అతిగా ఉంచితే మచ్చలు పడతాయి. కొన్నేళ్ళకు పసుపు మళ్ళీ రావచ్చు. పదేపదే చేయకండి. నాకైతే కొంచెం పసుపెక్కిన బొమ్మే నచ్చుతుంది.

ప్రశ్న: తాతయ్యా, నేను ఎనిమిదో తరగతి. నా రోబోను కారుగా మార్చే కాగితం పోయింది. బలంగా మడిస్తే తలుపు దగ్గర చిన్న ముక్క విరిగింది. సూపర్ గ్లూ వేస్తే అద్దం అంతా తెల్లగా పొగ పట్టింది. నాన్న తిడతాడని టెన్షన్‌గా ఉంది. — కందుకూరు

టెన్షన్ పడకు నాయనా. పొగ పట్టింది గమ్ము ఆవిరి వల్ల. మూసి ఉన్న చోట అది అద్దం మీద దిగుతుంది. మెత్తటి గుడ్డకు రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది తేలిగ్గా తుడువు, చాలావరకు పోతుంది. వెంటనే సబ్బునీళ్ళతో నూనె మొత్తం తీసేయి.

మార్చేటప్పుడు ఒక భాగం కదలకపోతే, అది నీ బలం కోసం ఆగలేదు. దాని ముందు కదలాల్సింది ఇంకేదో ఉంది. చిన్న బొడిపె ఏదైనా గుంటలో కూర్చుని ఉంటుంది, అది విడిపించాకే తలుపు తిరుగుతుంది. వంగే చోట ప్లాస్టిక్ తెల్లబారడం కనిపిస్తే అక్కడితో ఆగి, వెనక్కి తిప్పు.

తలుపు కీలు మీద సూపర్ గ్లూ నిలవదు. గట్టిపడ్డాక అది గాజులా ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. విరిగిన రెండు ముఖాల్లోనూ సన్నటి బెజ్జం వేసి, లోపల గుండుసూది ముక్క పెట్టి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ గమ్ముతో అతకాలి. బెజ్జం చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో వేయాలి. అది నువ్వు చేయొద్దు, వేలికి గుచ్చుకుంటుంది. విరిగిన ముక్క ఎంత చిన్నదైనా పారేయకుండా అగ్గిపెట్టెలో వేసి దాచు. నాన్నకు నువ్వే చెప్పి, ఈ పేజీ చూపించు. నెల్లూరు వచ్చినప్పుడు ఆ అగ్గిపెట్టె, బొమ్మ రెండూ తీసుకురండి. బల్ల ముందు నీకో స్టూలు వేస్తాను, నీ ఎదురుగానే అతుకుతాను.