పాఠకుల ప్రశ్నలు: థర్మల్ కెమెరాకు కనిపించేది, కనిపించనిది

ప్రశ్న: మాది జీడిపిక్కల యూనిట్. ఇన్సూరెన్సు వాళ్లు అడిగారని కరెంటు ప్యానెళ్లకు థర్మల్ స్కానింగ్ (వేడిని రంగులుగా చూపే కెమెరాతో తనిఖీ) చేయించాం. పని ఆగకూడదని ఆదివారం రమ్మన్నాం. అంతా బాగుందని రిపోర్టు ఇచ్చారు. మూడు వారాలు తిరక్కుండానే మెయిన్ ప్యానెల్లో బి ఫేజు లగ్గు (కేబుల్ కొసను బోల్టుకు కలిపే లోహపు ముక్క) మాడిపోయింది. కెమెరా చెడిపోయిందా, మనిషికి పని రాదా? (పలాస)

జవాబు: ఆదివారం పిలవడమే పొరపాటు. అయినా వచ్చినవాళ్లు లోడు లేదని చూసి వెనక్కి వెళ్లాల్సింది. లూజు జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. మామూలుగా 100 ఆంపియర్లు లాగే ఫీడరు (ప్యానెల్‌కు కరెంటు మోసే లైను) ఆ రోజు 30 లాగితే, జాయింటులో పుట్టే వేడి పని రోజు వేడిలో 9 శాతమే. అంత కొద్ది వేడి కెమెరాకు చిక్కదు. ఫీడరు రేటింగులో కనీసం 40 శాతం లోడు ఉండాలి. డ్రయర్లు, బాయిలర్ ఫ్యాన్లు, కంప్రెసర్ అన్నీ గంటసేపు నడిచాక ప్యానెల్ తెరిస్తే మంచిది. తలుపు తెరవడం తప్పనిసరి, ఎందుకంటే రేకు గుండా గానీ, అక్రిలిక్ షీటు గుండా గానీ, అద్దం గుండా గానీ ఈ కెమెరా చూడలేదు. కరెంటు ఉండగా తెరిచే పని కాబట్టి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్, ముఖానికి షీల్డు, చేతులకు గ్లౌజులు ఉండాలి.

ఫొటో తీసే ముందు టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) మూడు ఫేజుల ఆంపియర్లూ రాయించండి. ఆ అంకెలు లేని రిపోర్టు చిత్తు కాగితమే. మూడు ఫేజుల్లో ఒకే లోడు ఉన్నప్పుడు ఒక బోల్టు పక్కవాటికన్నా 1 నుంచి 3 డిగ్రీలు ఎక్కువుంటే కనిపెట్టుకుని ఉండాలి. 4 నుంచి 15 ఉంటే వీలు చూసుకుని త్వరగా బాగుచేయాలి. 15 దాటితే వెంటనే ఆపాలి.

వేడి ఎటు పాకిందో చూడటం అంతకన్నా ముఖ్యం. బోల్టు దగ్గర తెల్లగా మండుతూ, కేబుల్ వెంట దూరం వెళ్లేకొద్దీ చల్లబడుతుంటే అది లూజు కాంటాక్టు. కేబుల్ పొడవునా ఒకే వేడి ఉంటే లోపం జాయింటుది కాదు, ఆ ఫేజు మీద భారం ఎక్కువైంది. స్పానరు పెట్టి బోల్టు బిగించినా ఏమీ మారదు. కెపాసిటర్ బ్యాంకులో మాత్రం లెక్క తిరగబడుతుంది. నడుస్తున్న డబ్బాలు గోరువెచ్చగా ఉంటాయి, చల్లగా ఉన్నది చచ్చిపోయినట్టు.

మాడిన లగ్గును మళ్లీ బిగించి వదిలేయొద్దు. రాగి బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు మోసే లోహపు పట్టీ) మీద అల్యూమినియం లగ్గు నేరుగా కూర్చుంటే, ఉప్పుగాలి తగిలే మన తీరంలో ఆ రెండు లోహాల మధ్య తుప్పు త్వరగా పడుతుంది. సరఫరా ఆపి, లాక్ చేసి, టెస్టరుతో చూసుకున్నాక లగ్గు విప్పండి. నల్లబడిన తీగలను మెరిసే భాగం వచ్చేదాకా కోసి, సరైన డైతో బైమెటల్ లగ్గు (ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉన్నది) క్రింపింగ్ చేయండి, అంటే నొక్కి బిగించండి. ముఖాలను వైరు బ్రష్‌తో రుద్ది జాయింటింగ్ కాంపౌండ్ రాసి, టార్క్ రెంచితో (బిగువు కొలిచే స్పానరు) తయారీదారు చెప్పిన కొలతకే బిగించండి. బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం ఒత్తిడికి సాగి నలుగుతుంది, కొన్ని నెలల్లో మళ్లీ వదులవుతుంది. బాగుచేశాక అదే లోడు మీద ఇంకో థర్మల్ ఫొటో తీయించండి. దాన్ని పాత ఫొటో పక్కన పెడితేనే పని కుదిరిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: బస్‌బార్ 34 డిగ్రీలని కెమెరా చూపిస్తోంది. దగ్గరికి వెళ్తే సెగ కొడుతోంది. ఏది నమ్మాలి? (చీపురుపల్లి)

జవాబు: సెగనే నమ్మండి. మెరిసే రాగి తన వేడిని చాలా తక్కువగా బయటికి పంపుతుంది, ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. మీ కెమెరా చదివింది చాలావరకు మీ ఒంటి వేడినే. మీరు పక్కకు జరిగినప్పుడు కెమెరా తెర మీది వేడి మచ్చ కూడా జరిగితే అది ప్రతిబింబమని తేలిపోతుంది. తదుపరి షట్‌డౌన్‌లో కొలవాల్సిన చోట్ల అంగుళం మేర నల్ల పీవీసీ టేపు అతికించి, కెమెరాలో ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంతమేర బయటికి పంపుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టి, ఆ టేపు మీదే కొలవండి.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 320×240 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) కెమెరాకు 24 డిగ్రీల లెన్సు ఉంటే 8 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు సెంటీమీటరు మేర చూస్తుంది. నమ్మదగ్గ కొలతకు కనీసం మూడు పిక్సెళ్లు కావాలి, అంటే 3 సెంటీమీటర్ల వస్తువు. కింద నిల్చుని స్తంభం మీది చిన్న క్లాంపును కొలిస్తే చుట్టూ ఉన్న ఆకాశం చల్లదనం కూడా అందులో కలుస్తుంది.

ప్రశ్న: కింది వాటా సీలింగుకు చెమ్మ. కెమెరాతో పైపు ఎక్కడ కారుతోందో చూపిస్తామంటున్నారు. నిజమేనా? (విజయనగరం)

జవాబు: పైపు కనిపించదు, గోడ పైపొర వేడి మాత్రమే కనిపిస్తుంది. చెమ్మ ఆవిరవుతూ ఆ చోటును చల్లబరుస్తుంది కాబట్టి నీలం మచ్చ (ఫొటోలో నీలమంటే చల్లన) పడుతుంది. వానాకాలంలో గాలి నిండా తేమ ఉంటే ఆవిరి కావడం మందగించి, మచ్చ సరిగా కనిపించదు. అందుకే పొడి రోజుల్లో చూడటం మేలు. దూలం కూడా, ఏసీ గాలి తగిలే చోటు కూడా నీలంగానే పడతాయి. కనుక మచ్చ మీద మాయిశ్చర్ మీటరు సూదులు గుచ్చి చూపించమనండి. గీజరు పైపు అయితే వేడినీళ్లు పది నిమిషాలు వదిలితే దారి గీత గీసినట్టు తెలుస్తుంది. చన్నీళ్ల పైపుకు ఆ వీలు లేదు. పైన బాత్రూము మీద అనుమానముంటే కాలువ మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి, ముందూ తర్వాతా ఫొటోలు తీయించండి.

డాబా సంగతి వేరు. ఎండ బాగా కాసిన రోజు పొద్దు గూకాక గంటా రెండు గంటలకు చూడాలి. నీరు నిలిచిన పొర పగటి వేడిని పట్టుకుని ఉంటుంది, పొడిగా ఉన్న చోట్ల కన్నా వెచ్చగా పడుతుంది. సీలింగులో నీలం వెతికినవాళ్లు డాబా మీద కూడా నీలమే వెతికితే బోల్తా పడతారు.

ప్రశ్న: గోదాములో ధాన్యం బస్తాలు లోపల వేడెక్కుతున్నాయేమో దీంతో చూడొచ్చా? (నరసన్నపేట)

జవాబు: కుదరదు. ధాన్యం వేడిని బయటికి రానివ్వదు, లోపల ఉడుకుతున్నా పైబస్తా మామూలుగానే కనిపిస్తుంది. బస్తాల మధ్య పొడవాటి ప్రోబు థర్మామీటరు దింపడమే దారి. మిల్లులో కెమెరా అక్కరకొచ్చేది ఎలివేటర్ బేరింగులకు, మోటార్లకు. ఒకే రకం పని చేసే రెండు బేరింగులను పోల్చండి, ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే గ్రీజు, బెల్టు బిగువు, షాఫ్టు వరస ఈ మూడూ చూడండి. ఊక దుమ్ము పేరుకున్న చోట వేడెక్కిన బేరింగు నిప్పుకు దారి తీస్తుంది.

ప్రశ్న: డాబా మీద సోలార్ ప్యానెళ్ల ఉత్పత్తి తగ్గింది. స్కానింగ్ ఎప్పుడు చేయించాలి? (శ్రీకాకుళం)

జవాబు: మబ్బు లేనప్పుడు, ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు దాటాక. ముందు కాకి రెట్టలు కడిగించండి, లేకపోతే మొదట అవే కనిపిస్తాయి. ఒక్క గడి మండుతుంటే నీడ గానీ పగులు గానీ కారణం. ప్యానెల్లో సరిగ్గా మూడో వంతు వెచ్చగా ఉంటే బైపాస్ డయోడు (పనిచేయని గడుల్ని తప్పించి కరెంటును పక్కదారిలో పంపే భాగం) వైపు చూడాలి. ఒక ప్యానెల్ మొత్తం పక్కవాటి కన్నా కాస్త వెచ్చగా ఉంటే అది కరెంటు బయటికి పంపడం లేదు, ఆ శక్తంతా వేడిగా మిగులుతోంది. ముందు దాని కనెక్టర్లు చూడండి.

ప్రశ్న: థర్మల్ ఫొటోతో రొమ్ము క్యాన్సర్ తెలుస్తుందని క్యాంపులో చెప్పారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అక్కర్లేదా? (బొబ్బిలి)

జవాబు: అక్కర్లేదనడం తప్పు. మామోగ్రామ్‌కు థర్మోగ్రఫీ (థర్మల్ ఫొటోలతో పరీక్ష) ప్రత్యామ్నాయం కాదని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫొటోలో రంగు బాగుందని ఆగిపోకండి. గడ్డ తగిలితే నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.